పేరు కొట్టేసిన సవతి

మా నానమ్మ అకేయోకి బతికున్నప్పటి సవతి కన్నా చచ్చిపోయిన సవతి మీదే కుళ్ళు ఎక్కువ. తాతయ్య ఎప్పుడూ ఆ సవతి అవోకో గుడిసె ముందే కూర్చునేవాడనీ, సరస్సు నుంచి తెచ్చిన చేపల్లో పెద్ద తలకాయ అటే పోయేదనీ ఇప్పటికీ సణుగుతుంది. మా భాషలో అకేయో అంటే కోతల వేళ పుట్టినది. అవోకో అంటే ఇంటి బయట పుట్టినది. "పుట్టింది బయట, దూరింది మాత్రం నా సంసారంలోకి" అని నానమ్మ కనిపించినవాళ్లందరికీ చెప్పేది.

ఈ వానల్లో నానమ్మ కోడలు నెరియాకి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన వేళను బట్టి ఒక పేరు ఎలాగూ వస్తుంది. పెద్దల పేరు మాత్రం బిడ్డే ఎంచుకోవాలి. పిల్ల ఏడుస్తుంటే చనిపోయినవాళ్ల పేర్లు వరసగా పిలుస్తారు. ఏ పేరుకు ఏడుపు ఆపితే ఆ మనిషి తిరిగొచ్చినట్టే. నానమ్మకి అదేదే అనే తన తల్లి తిరిగి రావాలని ఆశ. మిడతల దండు పడిన ఏట పుట్టి ఆ పేరు తెచ్చుకున్న మనిషి. అందుకే పేర్లు పిలవాల్సిన ఆడపడుచు దోల్ఫినాకి ముందే బుట్టెడు ఎండుచేపలు ముట్టజెప్పి, అవోకో మాట ఎత్తొద్దని ఒట్టు వేయించుకుంది.

ఆ మధ్యాహ్నం పిల్ల గుక్కపట్టింది. దోల్ఫినా ముందు చనిపోయిన అత్తగార్ల పేర్లూ మేనత్తల పేర్లూ పిలిచింది. ఏడుపు ఆగలేదు. "అదేదే" అనగానే పిల్ల ఏడుపు ఇంకాస్త పెంచింది. నానమ్మ పిల్లని లాక్కుని భుజాన వేసుకుని, ఆ పేరే చెవిలో మళ్ళీ మళ్ళీ చెప్పి బతిమాలింది.

"పేరు అడుగుతున్నావా వదినా, సంతలో బేరమాడుతున్నావా?" అంది దోల్ఫినా.

అంతలో పిల్ల నానమ్మ బట్టలన్నీ తడిపేసింది. నానమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఇంత మొండితనం ఒక్కదాని దగ్గరే చూశాను. అవోకో, చచ్చినా నన్ను వదలవటే?"

ఏడుపు ఠక్కున ఆగింది. పిల్ల ఒక్క వెక్కు వెక్కి నానమ్మ మొహంలోకి చూసింది. నెరియా నవ్వు దాచుకోవడానికి తల దించుకుని పెదవి కొరుక్కుంది.

"పిలిచింది నువ్వే వదినా. నేను నోరెత్తలేదు. చేపలు తిరిగివ్వను."

కడుపునొప్పి తగ్గి ఊరుకుందని నానమ్మ వాదించింది. మర్నాడు ఎవరూ లేకుండా చూసి తన తల్లి పేరు మళ్ళీ పిలిచింది. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. నానమ్మ అటూ ఇటూ చూసి అవోకో పేరు గొణిగింది. పిల్ల ఊరుకుంది. బతికున్న మనిషి పేరు ఎవరూ పెట్టరు కాబట్టి, తనకన్నా ముందుగా పోయి తిరిగొచ్చే వరస కూడా అవోకోయే కొట్టేసిందని నానమ్మ రోజంతా వాపోయింది.

ఇప్పుడు నెరియా "అవోకో" అని పిలిస్తే పిల్ల బోసినవ్వు నవ్వుతుంది. అది చూస్తే నానమ్మకి అన్నం సయించదు. నిన్న పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నెరియా వైపు చేతులు చాపింది.

"నీకన్నా ముందు నుంచి ఎరుగుదును దాన్ని. నా సవతి. ఇలా ఇవ్వు."