అమ్మ వరసలో నేను నాటిన కుదుళ్లు

ఉభాలు, అంటే వరి నాట్ల రోజులొచ్చాయంటే ఫోన్లలో ఫోటోలు మొదలవుతాయి. నీళ్లు నిండిన మడి, వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్లు, కింద "ఎంత అందమో" అని ఒక రాత. అలా రాసినవాళ్లని ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, మోకాలిలోతు బురదలో దించి నడుం ఎత్తనివ్వకుండా ఉంచాలనిపిస్తుంది నాకు. వంగున్నవాళ్లకి కనబడేది బురద, తమ చేతులు, పక్కదాని చేతులు. అంతే.

కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్లకి మా జట్టు గుత్తకి వెళ్లేది. పదిమంది ఆడవాళ్లం. మడి మొత్తం ఒప్పుకుని, పూర్తిచేసి, వచ్చింది సమానంగా పంచుకోవడం. సమానం అన్నమాట వినడానికి బాగానే ఉంటుంది గానీ, దానివల్లే నెమ్మదిగా చేసే మనిషిని ఎవరూ భరించలేరు. నేను ఇంటర్ మధ్యలో ఆపేసి ఆ జట్టులో చేరేటప్పటికి అమ్మ అందులో ఇరవై ఏళ్లుగా ఉంది. ఇంట్లో మేమిద్దరమే. ఆ ఏడాది అమ్మ నడుం మొండికేసింది. ముసలి పింఛనుకి వయసు చాలదు, ఉభాలకి నడుం చాలదు.

నాట్లు వెనక్కి నడుస్తూ వేస్తారు. ఒక్కొక్కరికీ చెయ్యి చాచినంత మేర ఒక వరస. పక్కవాళ్లు వెనక్కి జరిగిపోతుంటే నెమ్మదిగా చేసే మనిషి అక్కడే మిగిలిపోతుంది. అప్పుడు ఇటూ అటూ ఉన్నవాళ్లు ఆమె వెనకాల ఖాళీని కూడా నాటేస్తారు. చుట్టూ నాటిన ఆకు, మధ్యలో మనిషి. దీన్ని మావాళ్లు దొడ్లో పడ్డం అంటారు, పరాయి చేలో దిగిన గేదెని బందెలదొడ్లో పెట్టినట్టు. ఒకసారి పడితే కేకలు, నవ్వులు. రెండోసారి పడితే జట్టుని నడిపే మేస్త్రమ్మ మొహం మాడ్చుకుంటుంది. ఒకే ఉభాల్లో మూడోసారి పడిన మనిషి ఇంటి ముందు మర్నాడు పనికి తీసుకెళ్లే ఆటో ఆగదు. అమ్మ అప్పటికి రెండుసార్లు పడింది.

ఆ రోజు నేను అడిగి మరీ అమ్మ పక్క వరస తీసుకున్నాను. మధ్యాహ్నం అంబలి తాగి మళ్లీ దిగాక అమ్మ వెనకబడటం మొదలైంది. ఆకు కట్ట పట్టుకున్న చేతి మోచేతిని మోకాలికి ఆనించి, ఆగి ఆగి పెడుతోంది. అమ్మకి అవతలి వరసలో ఉన్న, నేను వదినా అని పిలిచే ఒకావిడ నవ్వింది.

"పడతాదే, మీయమ్మ ఈయాళ పడతాది."

ఆవిడ చెడ్డది కాదు. ఆవిడ ఇంట్లోనూ పొయ్యి వెలగాలి.

నేను చెయ్యి చాచి అమ్మ వరసలో కూడా పెట్టడం మొదలెట్టాను. ముందు నావైపున్న రెండు కుదుళ్లు, తర్వాత మూడు, ఆఖరికి సగం వరస నాదే. అమ్మ తలెత్తకుండానే కసిరింది.

"వద్దే గుంటా. నీది నువ్వు సూసుకో."

వినలేదు. తొందరలో అమ్మ వరసలో దూరం దూరంగా పెట్టుకుంటూ పోయాను. నా వరసలో మాత్రం ఒత్తుగానే పెట్టాను. తెలియక చేసింది కాదు. నా పనికి ఎవరూ వంక పెట్టకూడదన్న పొగరు నాకుండేది. ఇద్దరం మిగతావాళ్లతో పాటే గట్టు చేరాం. అమ్మ దొడ్లో పడలేదు. పెద్ద ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను.

పొద్దు వాలుతుండగా రైతు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నీళ్లు తేరుకున్నాక పలచటి వరస దాచినా దాగదు.

"ఎవర్తిదే ఆ వరస? కుదురుకీ కుదురుకీ మద్దిన మనిసి తొంగోవచ్చు. ఇదేటి పని?"

మేస్త్రమ్మ మా ఇద్దరివైపూ చూసింది. చెప్పబోయానని, అంతలో అమ్మ అడ్డుపడిందని ఇప్పటికీ నన్ను నేను నమ్మించుకోవాలని చూస్తాను. అబద్ధం. నేను నోరు తెరవలేదు.

"నాదే బావూ," అంది అమ్మ. "కళ్లు ఆనలేదు. మళ్లీ పెట్టేస్తాను."

అమ్మ ఒక్కతే కాదు, పదిమందిమీ మళ్లీ బురదలో దిగాం. వంగి, పలచన ఉన్నచోటల్లా కుదుళ్లు దూర్చాం. తిరిగి వస్తూ ఆటోలో మేస్త్రమ్మ అమ్మతో మెల్లగానే చెప్పింది.

"రేపట్నుంచి రాకప్పా. నడుం సూసుకో."

ఇంటికొచ్చాక అమ్మ కాళ్లు కడుక్కుంటుంటే, పొద్దున్నే మేస్త్రమ్మకి నిజం చెప్పేస్తానన్నాను. అమ్మ విరుచుకుపడింది.

"సెప్పి? ఇద్దరం ఇంట్లో కూకుందుమా? నీ పేరు సెడితే ఏ జట్టూ రానివ్వదు. నోరు మూసుకుని ఎల్లు."

ఏడ్చాను. కానీ ఏడుస్తూనే, చెప్పక్కర్లేదు కదా అని నా ప్రాణం తేలికపడింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు ఆటో ఆగింది. నేనొక్కదాన్నే ఎక్కాను. మడిలో తొమ్మిదిమందికి వరసలు పంచుతూ మేస్త్రమ్మ నావైపు తిరిగింది.

"నీ సెయ్యి జోరు. మీయమ్మ వరస కూడా నువ్వే లాగీయే."

సరేనన్నాను. సాయంత్రం దాకా నడుం ఎత్తకుండా రెండు వరసలూ వేశాను. అందరితో పాటే గట్టు చేరాను. రెండింట్లోనూ ఒక్క కుదురు పలచన పడలేదు.