నష్టపోయేవాడే అడగాలి

మా బాబాయ్ లిఫ్టు మెకానిక్. బాబాయ్ అన్నానని చుట్టరికం వెతక్కండి, మా నాన్నకి తమ్ముళ్ళు లేరు. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు ఉన్న మేడకి లిఫ్టు బాగుచేయడానికి వచ్చి, పన్నెండేళ్ళుగా వస్తూనే ఉండి, అలా బాబాయ్ అయిపోయాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చొక్కా జేబులో ఒక టెస్టరు, ఒక పెన్సిలు, రెండు పాచికలు ఎప్పుడూ ఉంటాయి. మొదటి రెండూ ఉద్యోగం కోసం, పాచికలు ప్రాణం కోసం అంటాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ లిఫ్టు పక్కన పడేసిన అట్టపెట్టెలో ఆయనకి ఒక ఆట పుస్తకం దొరికింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు రెఫరీగా కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఇది చేస్తా" అంటారు. అది జరిగిందో లేదో పాచికలు చెబుతాయి. కథ జరిగేది వందేళ్ళ తరవాతి ఊళ్ళో. అక్కడ నీళ్ళు, వెలుతురు, గాలి అన్నీ కంపెనీలవే. జనం ఒంట్లో మిషన్లు బిగించుకుని బతుకుతుంటారు. బాబాయ్ ఆ పుస్తకాన్ని డిక్షనరీ దగ్గర పెట్టుకుని ఏడాదిపాటు చదివాడు. సగం అర్థమైంది, మిగతా సగం తనే కల్పించాడు. నన్నడిగితే ఆ కల్పించిన సగమే బాగుంటుంది.

ఆదివారం ప్రెస్సుకి సెలవు. మధ్యాహ్నం వెనక బైండింగు గదిలో, జిగురు మరకల పొడుగు బల్ల దగ్గర నలుగురం చేరేవాళ్ళం. రెఫరీ బాబాయ్. తరవాత నేను, మా వదిన. వదిన మా అన్నయ్య భార్య, మందుల షాపులో పనిచేస్తుంది. నాలుగో ఆయన లెక్కల మాస్టారు, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. వదినా ఆడపడుచుల గొడవలు అందరి ఇళ్ళలోనూ వంటింట్లో జరిగితే, మావి ఈ బల్ల దగ్గర జరిగేవి. నా పాత్ర పేరు కాకి. తీగలు కత్తిరించి బతికే దొంగ. చివరికి నన్నే అందరూ కాకి అనడం మొదలుపెట్టారు. నా నోరు చూసే ఆ పేరు నిలిచిందని వదిన వాదన.

మేం ఆడింది తక్కువ, వాదించింది ఎక్కువ. ఒకసారి నేను ఒక మేడకి కరెంటు తీసేసి, శత్రువులున్న లిఫ్టు నూరో అంతస్తు నుంచి పడిపోయిందని ప్రకటించాను. బాబాయ్ కళ్ళజోడు తీశాడు. కళ్ళజోడు తీశాడంటే గంటన్నర పోయినట్టే.

"కరెంటు పోతే లిఫ్టు పడదమ్మా. బ్రేకుని బిగించి ఉంచేది స్ప్రింగు. కరెంటు చేసే పనల్లా దాన్ని వదిలించడం. కరెంటు పోయిందా, బ్రేకు దానంతటదే పట్టేసుకుంటుంది."

"ఇది వందేళ్ళ తరవాత కదా బాబాయ్!"

"అయితే? వందేళ్ళ తరవాత బుద్ధి లేకుండా కడతారా?"

శత్రువులు చావలేదు, ఇరుక్కుపోయారంతే. లోపల గాలి ఎంతసేపు సరిపోతుందో మాస్టారు లెక్కగట్టారు. ఊహించుకున్న ఊరికైనా సరే నట్లూ బోల్టులూ సరిగ్గా ఉండాలన్నది బాబాయ్ పట్టుదల.

రూలు మార్చాలంటే ఒక పద్ధతి పెట్టాడు. అట్ట రిజిస్టరు తెచ్చి నాలుగు గళ్ళు గీశాడు: పాత రూలు, కొత్త రూలు, కారణం, ఎవరికి నష్టం. మార్పు వల్ల బాగుపడేవాడు అడగకూడదు. నష్టపోయేవాడే అడగాలి. కారణం ఆ ఊళ్ళోంచి రావాలి, "పాపం" అన్నది కారణం కాదు. చివర అందరూ సంతకం చేయాలి. ఈ ఎనిమిదేళ్ళలో ముప్పై ఒక్క మార్పులు జరిగాయి. మొదటి పేజీలో బాబాయ్ రాసి అందరిచేతా సంతకం పెట్టించిన మొదటి రూలు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ప్రతి పాత్రకీ మనిషితనం పది పాయింట్లు. ఒంట్లో మిషను పెట్టించుకున్న ప్రతిసారీ మూడు పోతాయి. అయిపోయాయంటే ఆ పాత్ర ఇక మనిషి కాదు, దాని వివరాలు రాసుకున్న కాగితం రెఫరీకి ఇచ్చేయాలి. ఏ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరు ఏ పేటలో బతకాలి, అన్నీ ఆ రూలు మీదే కట్టాడు.

ఐదో ఏడు దాటాక నాకు వినికిడి తగ్గసాగింది. ఏడాదిన్నరలో రెండు చెవులూ దాదాపు పోయాయి. బల్ల దగ్గర ఎవరో ఏదో అనేవారు, అందరూ నవ్వేవారు. ఏమిటని అడిగితే, "ఏం లేదులే, తరవాత చెప్తా" అనేవారు. ఆ తరవాత అనేది ఎప్పుడూ రాలేదు. అడగడం మానేసి, వాళ్ళు నవ్వినప్పుడల్లా నేనూ నవ్వేదాన్ని. ఒక ఆదివారం ఆటలో పేలుడు జరిగి కాకి చెవులు కూడా పోయాయి. పాచికలు అలా పడ్డాయి, ఎవరి తప్పూ లేదు. కానీ ఆ పూట ఎవరూ నా మొహంలోకి చూడలేదు. మర్నాడే బైండింగు గది తాళంచెవి వదిన చేతిలో పెట్టి, పని ఎక్కువైందని చెప్పి ఆటకి రావడం మానేశాను.

ఆర్నెల్ల తరవాత నాకు ఆపరేషన్ చేసి తలలో చిన్న మిషను పెట్టారు. బయట చెవి వెనక ఒక బిళ్ళ అంటుకుని ఉంటుంది. అది పెట్టుకోగానే అన్నీ వినపడతాయనుకున్నాను. వినపడ్డాయి, కానీ మనుషులంతా రేకు డబ్బాలో కూర్చుని మాట్లాడుతున్నట్టు. మా అమ్మ గొంతేదో, మిక్సీ గొంతేదో తెలియక ఏడ్చాను. రోజూ ఎవరైనా పైకి చదువుతుంటే ఆ అక్షరాల వెంట వేలు పెట్టి వినమని ఆసుపత్రిలో చెప్పారు.

ఆ చదివే మనిషి బాబాయ్ అయ్యాడు. డ్యూటీ దిగి, సాయంత్రం అయిదున్నరకి నూనె చేతులు కడుక్కుని నా బల్ల ముందు కూర్చునేవాడు. నేను దిద్దాల్సిన ప్రూఫులే ఆయన చదివేవాడు. భూగోళం పాఠాలు, విత్తనాల కంపెనీ జాబితాలు, చివరికి గేదెల దాణా మీద వేసిన కరపత్రం కూడా. ఎనిమిది నెలలు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. విసుక్కున్నదంతా నేనే. ఆ రేకు డబ్బాలోంచి మెల్లగా ఒక మనిషి గొంతు బయటికి వచ్చింది, అది ఆయనది. ఆయనకి నేను నోరు తెరిచి కృతజ్ఞత చెప్పలేదు. చెప్పబోతే "ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట, వస్తా" అని లేచిపోయే మనిషి. అందుకే ఇది రాస్తున్నాను.

పద్నాలుగు నెలల తరవాత మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. బాబాయ్ రిజిస్టరు నా ముందుకి తోశాడు. నేను లేని ప్రతి ఆదివారం తేదీ కింద ఒకే మాట ఉంది: "కాకి ఆసుపత్రిలో ఉంది. కులాసా." అరవై చోట్ల. ప్రూఫులు దిద్దేదాన్ని కదా, మొత్తం చూశాను. ఒక్క వారం కూడా తప్పలేదు.

"కాకి మంచం మీంచి లేచింది. ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడు.

"చెవి మిషను పెట్టించుకుంటా."

అన్నాక గాని గుర్తు రాలేదు. కాకికి అప్పటికే మూడు మిషన్లున్నాయి. మిగిలింది ఒక్క పాయింటు.

వదిన గబగబా అంది. "ఈ ఒక్కసారికి ఆ రూలు పక్కన పెడదాం బాబాయ్. పాపం..."

"పాపం అన్నావంటే ఊరుకోను వదినా!"

"నీకేమిటమ్మా నష్టం?" అని ఆమెని అడిగాడు బాబాయ్.

"నాకేం లేదు."

"అయితే నువ్వు అడగలేవు."

నష్టపోయేది మాస్టారొక్కరే. ఆయన పాత్ర ఒంట్లో ఒక్క మిషను కూడా లేదు. పదికి పది పాయింట్లు, ప్రతి తలుపూ ఆయనకి తెరుచుకుంటుంది, రూలు పోతే ఆ గొప్పా పోతుంది. అందరం ఆయన వంక చూశాం.

"నన్ను చూస్తారేంటి? రూలు రూలే. ఇవాళ కాకి, రేపు ఇంకొకరు. అప్పుడు ఊరెందుకు, రిజిస్టరెందుకు?"

ఆయన అన్నది తప్పు కాదు. అదే నాకు మండింది. ఆటలో ఒక దొంగ పోతే ఏమవుతుంది? కానీ చెవి వెనక బిళ్ళతో కూర్చున్న నేను, మిషను పెడితే మనిషి కాదన్న కాగితం మీద ఎప్పుడో సంతకం పెట్టాను. కాకి కాగితం బాబాయ్‌కి ఇచ్చేద్దామని తీశాను. అది ఇచ్చేస్తే ఈ గదికి మళ్ళీ రానని నాకు తెలుసు.

బాబాయ్ కాగితం అందుకోలేదు. కళ్ళజోడు తీశాడు. రెఫరీ కుర్చీలోంచి లేచి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "కాసేపు నేను రెఫరీని కాదు. నేను అడుగుతున్నా, మొదటి రూలు మార్చాలి."

మాస్టారు అడిగారు. "నీకేంటి నష్టం?"

"ఊరంతా నేను దాని మీదే కట్టా కదయ్యా. తీసేస్తే మళ్ళీ పునాదుల్నించి కట్టాలి. ఎనిమిదేళ్ళ పని."

"కారణం?"

"తప్పు రాశా. ఎనిమిది నెలలు రోజూ ఈ పిల్ల పక్కన కూర్చున్నా. మిషను పెట్టాక తగ్గిందేంటా అని చూశా. నోరన్నా తగ్గుతుందనుకున్నా, అదీ తగ్గలేదు." వదిన కిసుక్కుమంది. బాబాయ్ నవ్వలేదు. "తగ్గింది అంతకు ముందు. ఇదే బల్ల దగ్గర. ఏమన్నారని అడిగితే, ఏం లేదులే అన్నాం చూడు, అప్పుడు. నేనూ అన్నా. ఒకసారి కాదు."

"అది ఈ గదిలో కారణం. ఊళ్ళో కారణం చెప్పాలి." మాస్టారి గొంతులో మునుపటి బిగువు లేదు.

"ఊళ్ళోనూ అంతే. ఇనప చెయ్యి పెట్టుకున్నవాడికి ఏమీ పోదు. వాణ్ణి మాటలోంచి తప్పిస్తే పోతుంది. పోయేది కూడా వాడికి కాదు, తప్పించినవాడికి. ఒక్కోసారికి ఒక్కో పాయింటు."

పైన ఫ్యాను టకటకమంటోంది. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది.

మాస్టారు తన కాగితం ముందుకి లాక్కున్నారు. పక్కనున్న రబ్బరు తీసుకుని పది అన్న అంకె చెరిపేశారు. పెన్సిలు పట్టుకుని ఆగిపోయారు.

"ఎన్ని తీసేయాలో నాకు లెక్క తెలీదు. నువ్వు చెప్పు కాకీ."

పద్నాలుగు నెలలు ఆ లెక్క నేను రోజూ వేసుకున్నాను. ఆదివారాలతో సహా చెప్పగలను. కానీ మూడే కాళ్ళన్న మనిషి తనంతట తను నాలుగో కాలు చూపిస్తుంటే ఇంకేం చెప్పను?

"ఒకటి చాలు మాస్టారూ" అన్నాను.

ఆయన తొమ్మిది వేశారు. వదిన కళ్ళు తుడుచుకుని తనదీ ఒకటి తగ్గించుకుంది. బాబాయ్ రిజిస్టరులో ముప్పై రెండో మార్పు రాసి, నష్టం ఎవరికన్న గడిలో "కాకికి తప్ప అందరికీ" అని రాశాడు. నలుగురం సంతకాలు చేశాం. ఆయన వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు, కాకికి చెవి మొలిచింది, ఆట సాగింది.

పావుగంట కాలేదు. వదిన మాస్టారి చెవిలో ఏదో అంది, ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఏంటి?" అన్నాను.

"ఏం లే..." అని వదిన టక్కున ఆగిపోయింది. బాబాయ్ అప్పటికే పెన్సిలు ఎత్తి పట్టుకున్నాడు.

వదిన నా వైపు తిరిగి మొదటినుంచీ చెప్పింది. మాస్టారి కొత్త చొక్కా మీద ఏదో జోకు. అంత చప్పటి జోకు నేను జన్మలో వినలేదు. ఇంకోసారి చెప్పించుకుని మరీ విన్నాను.