లెక్కలో రాయని చాయ్‌లు

వడగళ్లకు కోహీర్ జామతోటలు దెబ్బతిన్న వార్త రాసి, కవరు పట్టుకుని జహీరాబాద్ బస్టాండుకు పరుగెత్తాను. ట్రంక్ కాల్ దొరకని రోజులవి. మా వార్తలు హైదరాబాద్ బస్సు కండక్టర్ చేతిలోనే పత్రికాఫీసుకు చేరేవి. బస్సు కదిలింది. ఇరవై అడుగులు వేశానో లేదో ఊపిరి అందలేదు. స్తంభం పట్టుకుని నిలబడిపోయాను.

వార్త రాలేదు. "మా పంట పోతె పేపర్ల రాయొద్దా సారూ?" అని రైతులు నిలదీశారు. వారంలో డెస్కు నుంచి ఉత్తరం వచ్చింది: కవర్లు వేళకు అందకపోతే వేరే విలేకరిని చూసుకుంటామని.

అప్పుడు నాకు నలభై రెండేళ్లు. స్కూటర్ కొన్నాక సైకిల్ మూలపడింది, ఒళ్లు పెరిగింది. ఊళ్లో దాన్ని దర్జా అనేవారు. నేనూ కాదనలేదు.

పట్నం దవాఖానలో తూచితే నూట నాలుగు కిలోలు. బీపీ ఎక్కువ. యూరిన్‌లో షుగర్.

"ఇది ఒబేసిటీ. దర్జా కాదు, జబ్బు" అన్నారు డాక్టర్. మా నాన్నదీ భారీ శరీరమే అని చెప్పాను. "కొంత అలా వచ్చి ఉండొచ్చు. మిగతాది మీ అలవాట్లది. వారం రోజులు ఏం తింటున్నారో రాసుకురండి. వార్త రాసినట్టే, ఏదీ వదలకుండా."

రాశాను. జొన్నరొట్టెలు, పప్పు, అన్నం. డాక్టర్ కాగితం తిప్పి చూశారు. పక్కనున్న నా భార్య సుశీల ఊరుకోలేదు.

"చాయ్‌లేవి? దినాం పదహారు తాగుతరు సారూ!"

"చాయ్ తిండి ఎట్లయితది?" అన్నాను.

"పాలు, చక్కెర, పక్కన బిస్కెట్లు. ఒక పూట భోజనం గ్లాసుల్లో తాగేస్తున్నారు" అన్నారు డాక్టర్.

తహసీల్ ఆఫీసు, ఠాణా, మార్కెట్ యార్డు, ఎక్కడ కూర్చున్నా ముందు చాయ్, తర్వాతే ఖబర్. వద్దంటే మనిషినే వద్దన్నట్టు. మానేస్తే వార్తలు ఆగిపోతాయని నా భయం.

మొండితనంతో పది రోజులు మజ్జిగతోనే గడిపాను. మొగుడంపల్లి దారిలో కళ్లు తిరిగి స్కూటర్ మీంచి పడ్డాను. "ఉపవాసం వైద్యం కాదు. నెలకు రెండు కిలోలు తగ్గితే చాలు" అని డాక్టర్ మందలించి, మాత్రలు, కొలిచిన తిండి, నడక రాసిచ్చారు.

బస్టాండు దగ్గర చాయ్ హోటల్ మస్తాన్ భాయ్‌కి విషయం చెప్పాను.

"చక్కెర లేని చాయా? నా హోటల్ ఇజ్జత్ ఏం గావాలె సాబ్?"

"నా నౌకరి ఏం గావాలె భాయ్?"

ఆయన చక్కెర డబ్బా పక్కకు జరిపాడు. "అయితే రోజుకు రెండే. మూడోది అడిగితే పొయ్యను."

ఆ మాట బజారంతా పాకింది. "సారుకు చాయ్ ఇయ్యకున్రి, మస్తాన్ భాయ్ లడాయికొస్తడు" అని నవ్వేవారు. ఖబర్లు మాత్రం ఆగలేదు. పొద్దున నాతో నడుస్తూ చెప్పేవారు, కూర్చున్నప్పటి కంటే ఎక్కువే చెప్పేవారు.

ఏడాది దాటింది. మళ్లీ కోహీర్‌లో వడగళ్లు. కవరుతో చేరేసరికి బస్సు కదులుతోంది.

"ఉర్కకున్రి సారూ, పడ్తరు!" కండక్టర్ కేక.

ఉరికాను. కిటికీలోంచి కవరు ఆయన ఒళ్లో వేసి, ఈసారి స్తంభం పట్టుకోకుండా నా కాళ్ల మీదే నిలబడ్డాను. మర్నాడు వార్త వచ్చింది. ఒక రైతు గంపెడు జామకాయలతో ఇంటికొచ్చి, "చక్కెర ఎయ్యలే సారూ, ఫికర్ లేదు" అన్నాడు. ఒకటే తిన్నాను.

ఇప్పుడు డెబ్బై తొమ్మిది కిలోలు. మాత్రలు వాడుతున్నాను, జహీరాబాద్ వార్తలు నేనే పంపుతున్నాను. నా సలహా ఒకటే: తిన్నదే కాదు, తాగిందీ రాయండి. ఆ కాగితం డాక్టర్‌కు చూపించే ముందు ఇంట్లోవాళ్లతో ఒకసారి చదివించండి.