అత్తగార్ల పాలిటి సైరన్ సిస్టర్

మా కాన్పుల ఆసుపత్రి పెద్ద నర్సుకు ఒకటే జబ్బు. అత్తగారు కంటబడితే పోట్లాడకుండా ఉండలేదు. అందరం ఆవిడను సైరన్ సిస్టర్ అనేవాళ్ళం. అంబులెన్సు సైరన్ మూగబోయి ఎంతకాలమైనా పైవాళ్ళు బాగు చేయించకపోవడానికి కారణం ఈవిడేనని డ్రైవరు ఒట్టేసి చెప్పేవాడు.

నా మందుల కిటికీ పురిటి గదికి ఎదురుగా ఉండేది. కాబట్టి ఏ యుద్ధానికైనా ముందు వరస నాదే. యుద్ధం ముగిశాక ఆవిడ నేరుగా నా దగ్గరికే వచ్చేది.

"తమ్ముడూ, ఓ గొంతు బిళ్ళ పడెయ్."

గొడవకు కారణమంటూ అక్కర్లేదు. చెప్పులు దారికడ్డంగా విడిచినందుకు ఒకావిడతో తగువు. ఒద్దికగా మూలన విడిచినందుకు ఇంకొకావిడతో.

"ఏమమ్మా, అంత మూలకి దాచావు? మేం చెప్పుల దొంగల్లా కనబడుతున్నామా?"

చెప్పుల దగ్గర మొదలైంది చివరికి కోడలి మీదికి వెళ్ళేది. "మీ కోడలికి బొత్తిగా ఓపిక లేదు, ఎక్కడ దొరికిందమ్మా?" అనేది. అప్పటిదాకా అదే మాట తను అంటున్న అత్తగారు కూడా కొంగు బిగించి లేచేది. "మా కోడల్ని అనడానికి నువ్వెవరివి?"

డాక్టరమ్మ చిన్నది, మెత్తని మనిషి. "సిస్టర్, కాస్త నెమ్మదిగా..." అని బతిమాలేది.

"నెమ్మదిగా చెప్పడానికి మీరున్నారుగా!"

ఒకరోజు పొద్దున్నే ఓ బక్కపలచని పిల్లకు మూడో ఆడపిల్ల పుట్టింది. రక్తం చాలా పోయింది. డాక్టరమ్మ అత్తగారిని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది: రక్తం ఎక్కించాలి, కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలి, వెంటనే మళ్ళీ కడుపొస్తే మనిషి దక్కదు.

అత్తగారు అప్పటికే సంచీ సర్దేస్తోంది. "నేను ఆరుగుర్ని కన్నాను తల్లీ, ఎవరి రక్తమూ ఎక్కించుకోలేదు. మగపిల్లాణ్ణి కన్నాక తీరిగ్గా పడుకుంటుందిలే. ఒరేయ్, ఆటో పిలు."

కొడుకు తన కాలివేళ్ళు చూసుకుంటున్నాడు. లోపల ఆ పిల్ల మంచం పట్టె పట్టుకుని లేవబోతోంది. సైరన్ సిస్టర్ ఆమెను పడుకోబెట్టి, చెవి దగ్గర వంగి ఏదో అడిగింది. తర్వాత బయటికొచ్చింది.

"వెళ్ళనివ్వండి డాక్టరమ్మా. ఎవరికి చెబుతున్నారు? ఆ పిల్లకి రోజూ ఇంత పాలు, ఓ గుడ్డు పెట్టే ఇల్లా అది?"

సంచీ కిందపడింది. "ఏమనుకుంటున్నావు మా ఇల్లంటే?"

"చూస్తే తెలియడం లేదూ! పుల్లలా ఉంది పిల్ల."

"అది పుట్టుకతోనే సన్నం!"

"పెట్టలేక పుట్టుక మీదికి నెట్టకు. రెండేళ్ళు మళ్ళీ కడుపు రాకుండా, కూర్చోబెట్టి తిండి పెట్టి మనిషిని చెయ్యగలవా? నీవల్ల కాదు."

"నావల్ల కాదా? రెండేళ్ళేం ఖర్మ, మూడేళ్ళు! డాక్టరమ్మా, దానికేం కావాలో అది చెయ్యండి. రక్తం ఎక్కించండి, కావాలంటే వీడిది తియ్యండి!"

కొడుకు కాలివేళ్ళ మీంచి చూపు తిప్పకుండానే చొక్కా చెయ్యి మడిచాడు.

కాసేపటికి లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "లేవకే అమ్మా, పడుకో. ఆ గయ్యాళి మాటలు మనసులో పెట్టుకోకు. నేను లేనూ?"

సిస్టర్ నా కిటికీ దగ్గరికొచ్చింది. బిళ్ళ చేతికిస్తూ అడిగాను. "ఇంత గొడవెందుకు సిస్టర్?"

"ఇంకో కాన్పు ఇప్పుడే కావాలా అని అడిగితే ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదయ్యా. మూడో ఆడపిల్ల పుట్టిందన్న కోపం ఎవరో ఒకరి మీద పడాలి కదా. నా మీద పడితే నాకేం? నేను వాళ్ళింటికి వెళ్ళనుగా."

నెలల తర్వాత, టీకాల రోజున, అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలికి బుగ్గలొచ్చాయి. అత్తగారి చంకలో పాప బూరెలా ఉంది. ఆవిడ ఆసుపత్రంతా వినబడేలా అడిగింది. "ఏదీ ఆ గయ్యాళి? ఇంకా ఉద్యోగంలోనే ఉందా? వచ్చి చూడమనండి!"

సిస్టర్ నా గదిలోనే ఉంది. గోడవైపు తిరిగి తనివితీరా నవ్వుకుంది. తర్వాత మొహం గంటు పెట్టుకుని, డబ్బాలోంచి ఈసారి ముందుగానే ఓ బిళ్ళ తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఏమమ్మోయ్! పాప అలా చిక్కిపోయిందేం?"