గుమ్మం ముందు పర్మాంగనేటు

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చే పాసింజరు బండిని భీమడోలులో ఆపితే, రైల్వేవాళ్ళు దాన్ని మర్చిపోతారు. వెనకొచ్చిన బళ్ళన్నీ కూతలేసుకుంటూ దాటిపోయాక ఎవరికో జాలేసి పచ్చలైటు వేస్తారు. నా ఉద్యోగంలో కొంత భాగం ఆ స్టేషన్లోనే గడిచింది. పింఛను మాత్రం వాళ్ళివ్వరు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఉదయం అలా ఆలస్యంగా ఏలూరులో మా ల్యాబుకు చేరేసరికి, ఒక భార్యాభర్తల జంట నాకోసం కాచుకుని ఉంది. ఆయన కొల్లేరు పక్కన రొయ్యల చెరువులు చేసే రైతు. మర్మస్థానంలో పులిపిర్లు లేస్తే, డాక్టరు గారు ఒక ముక్క కోసి, అందులో ఉన్నది ఏ రకం వైరసో చూడమని మాకు పంపారు. ఫలితం తన భార్య ముందే చెప్పాలని రైతే అడిగాడు.

అప్పట్లో ఆ ముక్కలోంచి డీఎన్ఏ తీసి, పీసీఆర్ మిషనులో పెంచి, ఒక సన్నటి పట్టీ మీద పోసేవాళ్ళం. పట్టీ మీద మెల్లగా ఊదారంగు గీత తేలేది. ఏ గీత తేలితే అది వైరస్ నంబరు. ఆ గీత కోసం వంగి చూస్తూ ఊపిరి బిగబట్టడం నాకెంతో ఇష్టం. ఇప్పుడు కంప్యూటరే అన్నీ చెప్పేస్తోంది, ఎవరూ వంగక్కర్లేదు. ఆ ల్యాబున్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. వంగిన గుర్తు నా మెడలో మిగిలింది.

అసలు నేనీ విద్య నేర్చుకున్నది మనుషుల మీద కాదు, ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల మీద. ఆక్సిజన్ నింపిన కవర్లలో రొయ్యపిల్లలు వచ్చేవి. వాటికి చెరువులకు చెరువులే తుడిచిపెట్టే వైట్‌స్పాట్ వైరస్ ఉందో లేదో చెప్పేవాళ్ళం. ఉందంటే పిల్లల్ని పారబోయడమే. చెరువులోనే తేలితే నీళ్ళకు బ్లీచింగ్ కొట్టేవారు. మా వైపు రైతుకు పీసీఆర్ అంటే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"పాజిటివేనండీ," అన్నాను ఆ జంటతో.

రైతు ముఖం వాడిపోయింది. "నే చెప్పలేదుటే? అయిపోయింది," అన్నాడు భార్యతో.

"ఏమైపోయిందండీ?" అన్నాను.

ఆవిడ అందుకుంది. "డాక్టరు గారు వైరస్ అన్న కాణ్ణుంచి గట్టుమీద కాపలా పాకలోనే పడకండీ. క్యారేజీ అక్కడికే పంపాలి. బట్టలకని వచ్చారా, గుమ్మం ముందు బేసిన్లో క్రిములు చావాలని పర్మాంగనేటు నీళ్ళు. కాళ్ళు ముంచితే గానీ లోపలికి రారు. చెరువు దగ్గరంటే సరే. రోగం కాళ్ళకొచ్చిందాండీ?"

"ఊరుకోవే. ఒక చెరువు పోయిందని తెలిశాక పక్క చెరువునైనా కాపాడుకోవద్దా?"

"చూశారాండీ, నన్ను చెరువు చేసేశారు."

నాకు నవ్వొచ్చింది. ఆయన కళ్ళు చూసి దాన్ని దగ్గుగా మార్చుకున్నాను.

"కేన్సరాండీ?" అన్నాడాయన. "ఇంక ఇంటికి వెళ్ళకూడదా?"

"ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయండీ, నంబర్లు పెట్టారు. పదహారు, పద్దెనిమిది లాంటివి కేన్సర్ తెచ్చే రకాలు. మీది ఆరు. పులిపిర్లు తెస్తుంది గానీ కేన్సర్ జోలికి దాదాపు పోదు. వైద్యానికి లొంగుతుంది, ఒక్కోసారి మళ్ళీ లేస్తుంది. నిక్షేపంగా ఇంట్లో పడుకోండి. డాక్టరు గారు చెప్పేదాకా కలవకండి, అంతే. అమ్మగారు కూడా ఒకసారి లేడీ డాక్టరుకు చూపించుకోవాలి."

"బ్లీచింగ్ లాంటిదేం అక్కర్లేదాండీ?"

"అక్కర్లేదండీ. ఆ బేసిన్ కూడా తీసేయండి."

చెరువు నిండా రొయ్యలు బతికి బట్టకట్టినట్టు ఆయన లేచి నిలబడ్డాడు. "పదవే. పాకలోంచి పరుపు తెచ్చేసుకుంటాను."

ఆవిడ లేవలేదు. "ఇదెలా అంటుతుందండీ?" అంది నాతో.

"ఎక్కువగా కలయిక వల్లేనమ్మా. కానీ ఎప్పుడంటిందో ఈ పరీక్ష చెప్పదు. పెళ్ళికి ముందెప్పుడో అంటి, ఏళ్ళ తరబడి కనపడకుండా ఉండొచ్చు."

పెళ్ళికి ముందు అన్న మాటను ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు.

"విన్నావుగా," అన్నాడు.

ఆవిడ కొంగు సర్దుకుని ఆయన వైపు తిరిగింది.

"నంబరు మిషను చెప్పిందండీ. అంటిన ఊరు మీరు చెప్పండి."