మేస్త్రి ముందు అడిగిన ప్రశ్న

2025. మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన కొత్త. భీమవరం వెళ్లే పల్లెవెలుగు బస్సులో నేను కండక్టర్ని. ఆడవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోకపోయినా టికెట్ కొట్టాలి. దాన్నే జీరో టికెట్ అంటాం.

రోజూ బస్సులో దీని మీదే చర్చ. నాకది పండగ. బాబాల మహిమలు బూటకమని ఊరూరా సభల్లో వాదించినవాణ్ణి. నలుగురిలో నిలదీస్తే నిజం బయటపడి తీరుతుందని నా నమ్మకం.

ఒక ఉదయం, సీటు దొరకని ఒకాయన గొంతు పెంచాడు. "డబ్బులిచ్చినోడు నిలబడాలి, ఊరికే ఎక్కినోళ్లకి కిటికీ పక్కన సీటు! ఇలా పంచిపెడితే రేపు పనికెవరొస్తారండి?"

"వీళ్లంతా పనికెళ్లేవాళ్లేనండి," అన్నాను. రోజూ రొయ్యల షెడ్డుకు వెళ్లే మంగ అక్కడే కూర్చుంది. ఆమెనే సాక్షిని చేశాను. "చెప్పమ్మా, ఫ్రీ బస్సు నీకు మేలా, కాదా?"

"నాకేం తెలుసండి."

"భయమెందుకు? నీ అభిప్రాయం నువ్వు చెప్పు!"

బస్సంతా ఆమె వైపు తిరిగింది. "కష్టపడేవాళ్లకి ఫ్రీ ఎందుకండి? డబ్బులకే కొట్టండి," అని పర్సు తెరిచింది.

"అద్దీ!" అన్నాడాయన.

"కండక్టరు గారూ, మీ సాక్షి అడ్డం తిరిగిందండోయ్!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"మీ మేలు మీకు తెలియనంత కాలం మీ బతుకులింతే!" అని అందరూ వినేలా అని, జీరో టికెట్టే ఆమె చేతిలో పెట్టాను.

షెడ్డు దగ్గర మంగా, ఆ సీటు దొరకనాయనా ఇద్దరూ దిగారు. ఆయన తన సంచి మంగ చేతికిచ్చి ముందు నడిచాడు. "ఆ షెడ్డు మేస్త్రండి ఆయన. బండి రిపేరుకిచ్చినట్టున్నాడు," అన్నాడు డ్రైవరు. ఎవరిని పనిలో ఉంచాలో చెప్పేది ఆయనే.

మర్నాడు మంగే పిలిచింది. "ఇవాళ మేస్త్రి గారు లేరు. ఇప్పుడు అడగండి."

జీరో టికెట్ కొట్టి ఆమె చేతికిచ్చాను.

"ఇదివరకు ఆ షెడ్డు తప్ప గతి లేదండి. ఇప్పుడు సెలవు రోజున భీమవరం వెళ్లి వేరే పని వెతుక్కుంటున్నా. ఆ మాట ఆయన ముందు చెప్పమన్నారా?"

ప్రభుత్వ విధానాల గురించి జనానికేమీ తెలియదని ఎన్ని వేదికల మీద గర్జించానో! ఈమెకు తెలుసు. పైకి చెబితే ఉన్న పని పోతుందనీ తెలుసు. అడిగిన నాకు పోయేదేమీ లేదు కాబట్టి నలుగురిలో నిలదీయడాన్ని ధైర్యమనుకున్నాను.

బస్సులో చర్చలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. ఎవరినైనా సాక్షిగా పిలవబోతే పర్సు తెరిచిన ఆ వేళ్లు గుర్తొస్తాయి. తల దించుకుని టికెట్లు కొట్టుకుంటూ వెళ్లిపోతాను.