ఐదు గంటలు కాదు, ఎనిమిది

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. అయినా ఈ ఒక్క సంగతి చెప్పాలి.

మాది అర్ధవీడు దగ్గర చిన్న పల్లె. నేను కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేస్తాను. నాకంటూ మిగిలింది మా అక్క ఒక్కతే. భర్త పోయాక మేకలు మేపుకుంటూ ఒంటరిగా ఉండేది. వారానికోసారి ఫోను చేసేదాన్ని.

ఒకసారి అడిగింది. "కువైట్ నుంచి హైదరాబాదుకు విమానంలో ఎంతసేపు పడుతుందే?"

"ఐదు గంటలక్కా."

"అంతేనా? మరి నువ్వు వచ్చేదానికి నాలుగేండ్లు పట్టేదేందే?"

మేకలెట్లున్నాయని మాట మార్చాను.

పోయిన వానాకాలం మా యజమానురాలు ఉన్నట్టుండి నెలరోజులు సెలవిచ్చింది. చెప్పకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడాలనుకున్నాను. టికెట్ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అక్కకు ఒంట్లో బాగాలేదని నాకూ తెలియదు.

తెల్లవారుజామున విమానం ఎక్కాను. ఇంకా ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు అని సీటు ముందున్న చిన్న తెర మీద కనబడుతూ ఉంది. పక్క సీటు ఖాళీ. పలకరించేవాళ్ళు లేక ఆ అంకెలే చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లో దిగుతామనగా అంకెలు తగ్గడం మాని పెరగసాగాయి. హైదరాబాదులో పెద్ద వానట. బెంగళూరు తీసుకెళ్ళి, విమానంలోనే కూర్చోబెట్టి, వాన తెరిపిచ్చాక మళ్ళీ ఎగిరారు. హైదరాబాదులో దిగేసరికి ఎక్కి ఎనిమిది గంటలైంది. నా ఫోనులో ఇక్కడి సిమ్ము లేదు.

సాయంత్రం బస్సెక్కి, తెల్లారేసరికి కంభంలో దిగి, ఆటోలో ఊరు చేరాను. మా ఇంటి ముందు షామియానా. లోపల ఐస్ బాక్సులో అక్క.

రెండు రోజులుగా జ్వరమట. ముందురోజు పొద్దున పదింటికి గుండెనొప్పితో పోయిందట. సాయంత్రానికే మట్టి చేద్దామంటే పక్కింటి సునందమ్మ వదిన అడ్డం పడిందట. నా చేతులు పట్టుకుని ఆమె చెప్పింది:

"నిన్న ఎనిమిదింటప్పుడు కాఫీ తెస్తే, మా చెల్లెలు విమానం ఎక్కింది వదినా అనింది. ఐదు గంటలు కాదంట, ఎనిమిది పడుతుందంట. యాడనో దిగి మళ్ళా ఎగురుతుందంట. జరానికి పలవరిస్తాందేమో అనుకున్న. అది వచ్చేదాకా నాకు మట్టి పోయొద్దని చెయ్యి పట్టుకునింది. ఎట్ల కాదంటా?"

పక్కనే ఉన్న మా ఊరి పాస్టరుగారు తల ఊపారు. "నిజమే తల్లీ. నిన్న పగలే ఈమె నాకు ఈ మాట చెప్పింది. నేనే నమ్మలే."

ఆ పొద్దున ఎనిమిదింటికి నేను సముద్రం మీద ఉన్నాను. బెంగళూరు సంగతి అప్పటికి పైలట్‌కే తెలియదు.

పెట్టె మూసేముందు అక్క ముఖం తడిమి చూసుకున్నాను. అంతవరకైనా దక్కింది.

నా రాక ఆమెకు ఎవరు చెప్పారో, ఎట్లా తెలిసిందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. సెలవు ముగిసేదాకా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అక్కనే అడుగుదామని, రోజూ తలుపుకు గడియ పెట్టకుండా పడుకున్నాను. ఎవరూ రాలేదు.